చిటికెన వేలితో తెరుచుకున్న ఫోను

ఒక మనిషి తనకేం కావాలో నా ఎదురుగా నిలబడి స్పష్టంగా చెప్పాడు. నేను వినలేదు. విన్నట్టు తల ఊపాను, మధ్యలో రెండుసార్లు "అవునన్నా" అని కూడా అన్నాను. నా చెయ్యి మాత్రం అప్పటికే అద్దాల బీరువాలో వేరే ఫోను మీదికి పోయింది. ఆ రోజు నేను చేసిన తప్పు అదే. తర్వాత చేసినవన్నీ దానికి తోకలు.

నేను బోగోలు బజారులో ఒక ఫోన్ల దుకాణంలో పదిహేడేళ్ళు పనిచేసి, మోకాళ్ళు ఇక నిలబడలేమని మొరాయించాక మానుకున్నాను. అంతకు ముందు అదే బజారులో ఎస్టీడీ బూతులో కూర్చున్నాను. బూతు పోయి రీచార్జి కార్డులు వచ్చాయి, కార్డులు పోయి ఫోన్లు వచ్చాయి. నేను మాత్రం అక్కడే ఉన్నాను. ఇప్పుడు ఫోన్ల దుకాణాల్లో కంపెనీ టీషర్టు వేసుకుని నిలబడుతున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, ఫోను కొందామని వాళ్ళ ముందు నిలబడబోయే వాళ్ళకీ ఈ సంగతి చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. తలుచుకుంటే సిగ్గుగానే ఉంటుంది. అయినా చెప్పడం మొదలుపెట్టగానే ఒళ్ళంతా హుషారు వచ్చేస్తుంది, ఏం చేయను. అంతగా భయపడిన రోజు, అంతగా సంతోషించిన రోజు నా ఉద్యోగంలో ఇంకొకటి లేదు. రెండూ ఒకే రోజు.

కొత్త మోడల్ వచ్చిందంటే మా దుకాణంలో పెళ్ళివారి హడావిడి. అట్టపెట్టెలు విప్పుతుంటే వచ్చే ఆ కొత్త ప్లాస్టిక్ వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. ఆ నెల వచ్చిన ఫోను అప్పడంలా పలచగా ఉండేది, వెనక నెమలిపించం రంగులు, ముందు కెమెరాతో ఫోటో తీస్తే ఎవరి మొహమైనా నున్నగా, తెల్లగా వచ్చేది. కంపెనీ మనిషి వచ్చి, నెలాఖరుకి పది ఫోన్లు అమ్మినవాడికి మిక్సీ అన్నాడు. మా ఇంట్లో మిక్సీ మూత పగిలి, మా ఆవిడ దాని మీద పళ్ళెం అదిమి పట్టుకుని తిప్పుతోంది. నేను తొమ్మిది అమ్మేశాను. నెల ముగియడానికి నాలుగు రోజులుంది.

ఆ మధ్యాహ్నం ఆయన వచ్చాడు. బోగోలుకి తూర్పున, సముద్రం ఒడ్డున ఉండే ఊరు. సొంతంగా చిన్న ఫైబర్ బోటు, తనతో పాటు ముగ్గురు, బోటు మొత్తానికి ఆయన ఫోనొక్కటే. తెల్లవారకముందే వేటకి పోయి పొద్దున ఎనిమిదికల్లా ఒడ్డుకి వచ్చేవాళ్ళు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. అయినా మా బజారులో అమ్మేవాడికి కొనేవాడు అన్న, కొనేవాడికి అమ్మేవాడు అన్న.

"అన్నా, మా ఊళ్ళో అందురూ పెద్ద ఫోన్లు కొనేసినారు," అన్నాడు. "గాలివాన కబుర్లు గ్రూపులోనే వస్తుండాయి. చేపల రేటు గూడా దాంట్లోనే పెడతుండారు. బోటు యాడుండాదో మ్యాపు గూడా పంపుకుంటుండారు. నా చిన్న ఫోన్లో అయ్యేమీ రావు."

"మంచి సమయానికి వచ్చావన్నా," అన్నాను.

"నాకు నాలుగే కావాల," అంటూ వేళ్ళు మడిచాడు. "ఎండలో తెర కనపడాల. ఇంజను మోతలో మాట వినపడాల. తడి చేత్తో పట్టుకుంటే జారకూడదు. చార్జింగు రెండు దినాలు నిలవాల. మిగతాయి నువ్వేదిచ్చినా సరే."

ఆ నాలుగు వేళ్ళు ఈ రోజుకీ నా కళ్ళ ముందు మడుచుకుంటాయి. బూతుతో కలిపి ముప్పై ఏళ్ళలో నా దగ్గరికి వచ్చిన వేలమందిలో తన అవసరం అంత బాగా తెలుసుకుని వచ్చినవాడు లేడు. చాలామంది "మంచి ఫోనియ్యన్నా" అంటారు, లేదా "మా బావమరిది కొన్నాడే, అదియ్యి" అంటారు. ఈయన ఫోను పేరు చెప్పలేదు, తన పని చెప్పాడు. ఆయన అడిగిన ఫోను కూడా మా దగ్గర ఉంది. అద్దాల బీరువాలో కింది అరలో, మందంగా, అంచులకి రబ్బరు వేసుకుని, మూడు నెలల నుంచి ఎవరూ ముట్టుకోక దుమ్ముపట్టి ఉంది. దాని మీద మిక్సీ లేదు.

నేను పలచటి ఫోను తీసి ఆయన ఫోటో తీశాను. ఆయన చూసి నవ్వాపుకోలేకపోయాడు.

"ఏందన్నా ఇంత తెల్లగుండా? ఇంట్లో చూపిస్తే నా భార్యే గుర్తుపట్టదే."

"ఎండలో కనపడతాదా?" అని ఇంకోసారి అడిగాడు. మా ట్యూబులైటు కింద తెర పెళ్ళి పందిరిలా వెలుగుతోంది. "చూడన్నా, ఇంతకంటే ఏం కావాలి?" అన్నాను. బయటికి నాలుగడుగులు వేస్తే ఎండే. ఆ నాలుగడుగులు నేను వేయలేదు, ఆయన్ని వేయనివ్వలేదు.

మా దుకాణంలో సిమ్ములు ఇవ్వడం, రిపేర్లు చూడడం రెండూ ఒక అమ్మాయి పని. అమ్మాయి అంటున్నాను గానీ అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. వాళ్ళ నాన్న కూడా వేటకి పోయినవాడే. సిమ్ముకి వేలిముద్ర వేయించాల్సిన ప్రతిసారీ ఒడ్డు ఊళ్ళ వాళ్ళతో ఆమె పడే పాట్లు నేను రోజూ చూసేవాణ్ణి. తాళ్ళు లాగీ లాగీ, ఉప్పునీళ్ళలో నానీ నానీ, వాళ్ళ బొటనవేళ్ళ మీద గీతలు ఉండవు. పదిసార్లు తుడిచి, పదిసార్లు అదిమితే గానీ మిషను ఒప్పుకునేది కాదు. అదంతా నా పక్క బల్ల మీదే జరిగేది.

ఆమె తల ఎత్తి, "అన్నా, ఆయన చేతులు చూసినావా?" అంది.

"నువ్వు గమ్మునుండు తల్లీ," అన్నాను.

ఆయన తిప్పలు పడకుండా ఉండాలని, నిజం చెప్పాలంటే ఆయన ముచ్చటపడాలని, ఫోనుకి వేలిముద్ర తాళం పెట్టడం మొదలుపెట్టాను. కుడి బొటనవేలు పట్టలేదు. ఎడమ బొటనవేలు పట్టలేదు. చూపుడువేళ్ళు, మధ్యవేళ్ళు అన్నీ అయ్యాయి. నాకు పట్టుదల వచ్చింది. చివరికి ఎడమచేతి చిటికెన వేలు పెట్టమన్నాను. తాడు లాగడంలో దానికి పెద్ద పనుండదేమో, గీతలు మిగిలాయి. టిక్కుమని పట్టింది. గెలిచినవాడిలా చుట్టూ చూశాను. ఆయన చిటికెన వేలు పెట్టడం, తెర తెరుచుకోవడం, మళ్ళీ మూయడం, మళ్ళీ పెట్టడం. ఇద్దరం పిల్లల్లా ఆడుకున్నాం.

వేలిముద్ర తాళం పెట్టాలంటే, వేలు పనిచేయనప్పుడు నొక్కడానికి నాలుగంకెల నంబరు ఒకటి ముందు పెట్టమని ఫోను అడుగుతుంది. దాన్ని కొనేవాడి చేత పెట్టించాలి. నేనే ఏదో నొక్కేశాను. ఆయనకి చెప్పలేదు, పెట్టె మీద రాయలేదు. తెలుగు పెట్టడానికి ఇంకో ఐదు నిమిషాలు పడుతుందని భాష ఇంగ్లీషులోనే వదిలేశాను. వాట్సాప్ వేసి, కొత్త ఫోను పెట్టె పట్టుకుని ఆయన నవ్వుతున్న ఫోటో తీసి, పదో అమ్మకం అని కంపెనీ గ్రూపులో పెట్టి, ఆయనకి కూడా పంపాను. పాత మీటల ఫోను ఇస్తే కవరు ఉచితం అని చెప్పి దాన్ని తీసుకుని పాత ఫోన్ల డబ్బాలో పడేశాను. ఆయన అందరికీ దణ్ణం పెట్టి వెళ్ళాడు. ఆ రాత్రి మా ఆవిడతో, "ఆ పళ్ళెం ఇంక తీసెయ్యొచ్చు," అన్నాను.

మర్నాడు ఆయన వలలు బాగుచేసుకుంటూ ఇంటిపట్టునే ఉన్నాడట. ఆ మర్నాడు వేటకి పోయాడు.

ఆ పొద్దున నేను దుకాణం తెరిచి, అగరొత్తి వెలిగించి, అద్దాలు తుడుస్తున్నాను. తొమ్మిదిన్నర దాటింది. చలికాలం. బయట మంచు ఇంకా విడవలేదు. దుకాణం ఫోను మోగింది.

"బోగోలు ఫోన్ల అంగడేనా? డబ్బా మీద ఈ నంబరుండాది. మొన్న మా ఆయనకి ఫోనిచ్చింది నువ్వేనా అన్నా?"

"నేనేనమ్మా," అన్నాను హుషారుగా. "ఫోటోలు బాగా వస్తున్నాయా?"



"ఫోటోలు కాదన్నా. ఊరి బోట్లన్నీ వచ్చేసినాయి, ఆయన రాలా. నేను చేస్తే ఇప్పుడే ఎత్తి ఒక్క ముక్క మాట్లాడినాడు. ఇంజను ఆగిపోయిందంట. మంచులో ఎటు కొట్టుకుపోతుండారో తెలీడంలా. మ్యాపు పంపుదామంటే ఫోను తెరుచుకోలేదంట, ఏందో నంబరడుగుతుందంట. అది అంగడాయనకే తెలుసు అన్నాడు. చెప్పన్నా."

నాకు గుర్తులేదు. ఆ మాట ఆమెతో అనడానికి నోరు రాలేదు. "ఇప్పుడే ఆయనకే చేసి చెప్తానమ్మా," అని పెట్టేశాను. అద్దం తుడుస్తున్న గుడ్డ ఇంకా నా చేతిలోనే ఉంది.

మా ఓనరు సంగతి విని తీరం పోలీసులకి ఫోను చేశాడు. వాళ్ళు అడిగింది ఒక్కటే: ఎక్కడున్నారు? ఊళ్ళో బోట్లవాళ్ళు డీజిలు పోసుకుని సిద్ధంగా ఉన్నారు. వాళ్ళు అడుగుతున్నదీ అదే. ఆ మంచులో ఏ దిక్కుకని పోతారు? ఆ కాలంలో పొద్దుటి గాలి నేల మీంచి సముద్రం వైపు తోస్తుంది. ఇంకాస్త లోపలికి పోతే ఫోనుకి సిగ్నల్ ఉండదు. ఆ తర్వాత నంబరు గుర్తొచ్చినా చెప్పడానికి మనిషి దొరకడు.

తాళం పడినా వచ్చే ఫోను ఎత్తొచ్చు కదా, ఆయనకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. నాలుగోసారి ఎత్తాడు.

"అన్నా, తెర నా మాట వినడంలా. ఎత్తేదానికే ఇంతసేపు పట్టింది," అన్నాడు. ఆ ఫోను స్పీకరు ఎంత చిన్నదో నాకు తెలుసు. ఇంజను ఆగిపోయింది కాబట్టి నా మాట ఆయనకి వినపడింది.

"వేలు పెట్టావా?"

"చిటికెన వేలా? అది నానిపోయి ముడతలు పడుండాది. ఎన్ని తూర్లు పెట్టినా ఒప్పుకోలా. ఇప్పుడు నంబరంటుండాది. బిన్నా చెప్పు, చార్జింగు పదిహేనే ఉండాది, అయిపోతాంది."

"ఒకటి, రెండు, మూడు, నాలుగు నొక్కు."

"తప్పంటుండాది."

"నాలుగు సున్నాలు."

"అదీ తప్పే."

వరసగా తప్పులు పోతే ఫోను అలిగి కాసేపు మూగబోతుందని నాకు తెలుసు. నా స్కూటర్ నంబరు చెప్పబోయాను. రిపేరు బల్ల దగ్గరి అమ్మాయి లేచి వచ్చి నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఆగు. నువ్వు చెప్పే నంబరు తప్పో, ఆయన తడి వేలు తప్పో నీకెట్టా తెలుసు?" అని నాతో అని, ఫోనులో, "అన్నా, ముందు చెయ్యి తుడుచుకో," అంది.

"దేంతో తుడుచుకునేదమ్మా? తువ్వాలు, చొక్కా, అన్నీ తడిసుండాయి."

"మీలో బీడీలు కాల్చేవాళ్ళు ఎవురు?"

నాకు ఆమెకి మతిపోయిందేమో అనిపించింది.

"మా మామ," అన్నాడు ఆయన.

"బీడీలు దేంట్లో పెట్టుకుండాడు?"

"డబ్బాలో. గుడ్డ చుట్టి."

"ఆ గుడ్డ తియ్యి," అని, నా వైపు చూసి, "బీడీలు తడవనీరు వాళ్ళు," అంది. "మా నాయన ఒళ్ళంతా తడిసి వచ్చినా అగ్గిపెట్టె పొడిగానే ఉండేది."

అవతల ముసలాయన గొణుగుడు నాకూ వినపడింది: "గుడ్డ తడిపేసి ఇస్తే నేనేం కాల్చుకునేదిరా? మీ ఫోను తగలబడ."

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ గుడ్డతో చేతులూ తెరా తుడుచుకుంటున్నారు. ఇంక నంబరు కావాలి. కళ్ళు మూసుకున్నాను, తల పట్టుకున్నాను. ఏమీ లేదు. ఆ నాలుగంకెలు నా బుర్రలోకి అసలు పోనే లేదు, గుర్తెలా వస్తాయి?

ఆ అమ్మాయి అదే మోడల్ ఫోను ఇంకొకటి తెచ్చి, కొత్తగా తాళం పెట్టే తెర తెరిచి, నా చేతిలో పెట్టింది.

"ఆలోచించబాకన్నా. నేను కొనేదాన్ని, నువ్వు అమ్మేవాడివి. మాట్లాడు." అని గొంతు మార్చి అడిగింది. "అన్నా, దీంట్లో ఫోటోలు బాగా వస్తాయా?"

ఏళ్ళ తరబడి అలవాటు చూడండి. నలుగురు మనుషులు సముద్రం మీద కొట్టుకుపోతుంటే, నా నోరు దానంతట అది తెరుచుకుంది. "అమ్మా, ఈ కెమెరా ముందు మీరు మొహం కూడా కడుక్కోనక్కర్లేదు," అంటూ ఆమె కళ్ళలోకి చూస్తూ నవ్వాను. నా బొటనవేలు తెర మీద పైనుంచి కిందికి జారింది. టక్, టక్, టక్, టక్.

ఇద్దరం కిందికి చూశాం. రెండు, ఐదు, ఎనిమిది, సున్నా. నడి వరస. కొనేవాడి మొహం చూస్తూ, తెర వైపు చూడకుండా, బొటనవేలికి ఏది తేలికో అది.

"అన్నా!" అని ఫోనులో అరిచాను. "నడి వరస. పైనుంచి కిందికి, నాలుగు నొక్కులు."

"కనపడంలా అన్నా. పైన ఎండ, చుట్టూ మంచు. తెర అద్దం మాదిరుండాది, నా మొగమే కనపడతాంది."

"లుంగీ ఉందా?"

"ఉండాది."

"ఇప్పి మీద కప్పుకోండి."

బోటులో నలుగురూ ఎవరి లుంగీ ఇప్పారో ఇప్పటికీ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. లుంగీ కింద తలలు దూరుస్తున్న చప్పుడు వినపడింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"తెరుచుకునిందన్నా!"

దుకాణంలో నేను ఎగిరాను. ఈ మోకాళ్ళతోనే. ఓనరు గల్లాపెట్టె వదిలి లేచి వచ్చాడు, పదేళ్ళలో నేను చూడని వింత. కానీ పని సగమే అయింది. ఇప్పుడు ఇంగ్లీషు తెర మీద, లుంగీ చీకట్లో, ఆయన మ్యాపు పంపాలి.

"పచ్చ గుర్తు, లోపల ఫోను బొమ్మ. నొక్కావా? పైన మొదటి పేరు నొక్కు. నీ ఫోటో ఉందా, పెట్టె పట్టుకుని?"

"ఉండాది. తెల్లగుండా."

"ఇప్పుడు కింద, రాసే చోట, వంకర కమ్మీ లాంటి గుర్తు ఉంటుంది."

"గాలం మాదిరి ఉండాదే, అదా?"

కాగితాలకి పెట్టే క్లిప్పు బొమ్మ అది. నేను వేలసార్లు చూశాను. అది గాలంలా ఉంటుందని ఆ క్షణం దాకా నాకు తట్టలేదు.

"గాలమే అన్నా, అచ్చం గాలమే. వెయ్యి. ఇప్పుడు తలకిందులుగా ఉన్న నీటిబొట్టు గుర్తు."

"దొరికింది. ఏందో ఇంగ్లీషులో రెండు మాటలడుగుతుండాది."

"కుడి పక్కది నొక్కు. తర్వాత మొదటి వరస. నొక్కి ఫోను పెట్టెయ్. నువ్వు మాట్లాడుతుంటే మ్యాపు కదలదు."

"పెట్టేస్తే మళ్ళీ నీ మాట రాకపోతే?"

"వస్తుందన్నా, పెట్టెయ్," అన్నాను. ఆయన పెట్టేశాడు.

ముగ్గురం దుకాణం ఫోను బల్ల మీద పెట్టి దాని చుట్టూ నిలబడ్డాం. ఆయన నవ్వుతున్న ఫోటో తెర మీద ఉంది, నేను తీసిందే. దాని కింద ఖాళీ. ఎవరో గిరాకీ వచ్చి చార్జరు అడిగితే ఓనరు చెయ్యెత్తి ఆపాడు. ఆ గిరాకీ కూడా ఏమిటో తెలియకుండానే మా పక్కన నిలబడి చూడడం మొదలుపెట్టాడు.

ఫోను టింగుమంది.

ఫోటో కింద మ్యాపు. తెర నిండా నీలం. నీలం తప్ప ఇంకేమీ లేదు, మధ్యలో ఒక ఎర్ర గుర్తు. నా ఉద్యోగంలో ఎన్నో తెరలు చూశాను, అంత అందమైన తెర చూడలేదు.

ఆ అమ్మాయి దాన్ని తనకి తెలిసినవాళ్ళ ద్వారా ఆయన ఊరి గ్రూపులోకి పంపింది. ఓనరు ఆ చోటు చూపే అంకెలు పోలీసులకి చదివి వినిపించాడు. నేను స్కూటర్ తీశాను. ఆమె వెనక కూర్చుంది. దారంతా నేను ఏదో మాట్లాడుతూనే ఉన్నాను, ఆమె "రోడ్డు చూడన్నా" అంటూనే ఉంది.

ఒడ్డున ఊరంతా ఉంది. నాలుగు బోట్లు పోయాయన్నారు. ఆయన భార్య ఇసుకలో నిలబడి ఉంది. నేనెవరో ఎవరో చెబితే నా వైపు ఒకసారి చూసి మళ్ళీ సముద్రం వైపు తిరిగింది. మంచు విడిపోతోంది. పన్నెండవుతుండగా ఎవరో "అదిగో" అన్నారు. ముందు ఒక చుక్క, తర్వాత రెండు. ముందు బోటు తాడు కట్టి వెనక బోటుని లాక్కొస్తోంది. వెనక బోటులో నాలుగు తలలు. నా పక్కన ఉన్న ముసలావిడ నా భుజం పట్టుకుని గుంజుతోంది, నేను ఆవిడ చెయ్యి పట్టుకుని గుంజుతున్నాను. ఆవిడ ఎవరో నాకు తెలియదు.

ఆయన దిగి, భార్యతో రెండు మాటలు మాట్లాడి, నీళ్ళు తాగి, తిన్నగా నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అన్నా, ఒక మాటడగతా, ఏమనుకోబాక," అన్నాడు. "నా ఫోను తాళం నంబరు నీకు తెలిసి నాకు తెలీకపోవడమేంది?"

ఏమీ దాచకుండా చెప్పాను. నువ్వు అడిగిన ఫోను వేరే ఉందని, కింది అరలో ఉందని, ఇది అమ్మితే నాకు మిక్సీ వస్తుందని ఇది అంటగట్టానని.

ఆయన భార్య అడిగింది: "మిక్సీ కోసరమా?"

"అవునమ్మా."

"మూడు జార్లదా, రెండు జార్లదా?"

ముందు ఆ ముసలి మామ నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "నవ్వేదానికి అందురూ వచ్చేసినారు కాబట్టి నవ్వుతుండారు," అంది నాతో, నెమ్మదిగా. ఆ మాట దగ్గర నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. నలుగురిలో ఒక్కరు రాకపోయినా ఆ నవ్వు ఉండేది కాదు.

"నన్ను క్షమించమ్మా," అన్నాను.

"నన్నేమడగతావు? ఆయనకి సరైన ఫోనియ్యి," అంది.

ఆ సాయంత్రమే పలచటి ఫోను వెనక్కి తీసుకుని, ఆ అమ్మకం రద్దు చేయించాను. తొమ్మిదికి దిగిపోయాను. ఇంకొక్క రోజు ఉంది, పదోది ఎవరికైనా అమ్మొచ్చు. అమ్మలేదు. మా ఆవిడ మరో రెండేళ్ళు పళ్ళెం అదిమి పట్టుకునే పచ్చళ్ళు రుబ్బింది. ఎందుకో చెప్పాక ఒక్క మాట అనలేదు. అప్పుడప్పుడు పళ్ళెం మీద గట్టిగా కొట్టేది, అంతే.

మర్నాడు మందపాటి ఫోను తీసుకుని నేనే ఒడ్డుకి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం ఇసుకలో నిలబడి తెర చూపించాను. బకెట్లో సముద్రం నీళ్ళు తెప్పించి, అందులో చెయ్యి ముంచి పట్టుకోమన్నాను. పక్క బోటు ఇంజను వేయించి, ఆ మోతలో పాట పెట్టి వినపడుతుందా అని అడిగాను. ఆయన నాలుగు వేళ్ళూ మళ్ళీ ఒక్కొక్కటిగా మడిచాడు.

"ఫోటో ఎట్టుంటాది?" అని అడిగాడు చివర్లో.

తీసి చూపించాను. ఎండకి నల్లబడిన మొహం, కళ్ళ పక్కన ముడతలు, ఉన్నది ఉన్నట్టు.

"ఇప్పుడు గుర్తుపడతా," అంది ఆయన భార్య.

పాత ఫోన్ల డబ్బాలోంచి ఆయన మీటల ఫోను వెతికి తెచ్చి అదీ చేతిలో పెట్టాను. ఇంకో సిమ్ము వేసుకుని, కవర్లో చుట్టి, మామ బీడీల డబ్బాలో పెట్టుకోమన్నాను. ముసలాయన ఒప్పుకోవడానికే అరగంట పట్టింది.

ఆ తర్వాత నా ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ, నెలలో ఒక సెలవు రోజు ఆ ఒడ్డు ఊళ్ళలో ఏదో ఒకచోట నా బల్ల ఉండేది. బల్ల మీద ఫోన్లు, కింద ఉప్పునీళ్ళ బకెట్. ఏమీ కొనకపోయినా ఫర్వాలేదు, ఉన్న ఫోను తెస్తే తెలుగు పెట్టి ఇచ్చేవాణ్ణి, తాళం పడి ఉన్నప్పుడు కూడా సాయానికి ఫోను చేసే మీట ఎక్కడుందో చూపించేవాణ్ణి. మొదట్లో నవ్వారు, బకెటాయన అని పేరు పెట్టారు. తర్వాత వాళ్ళే వచ్చి, "అన్నా, ముంచి చూద్దాం రా," అనేవాళ్ళు. అక్కడ ఏ ఫోను గెలుస్తుందో, ఏది ఓడుతుందో నాకూ ముందు తెలిసేది కాదు. కోడిపందెంలా చుట్టూ మూగేవాళ్ళు. అమ్మడంలో అంత సరదా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

దుకాణంలో కూడా పద్ధతి మార్చాను. గిరాకీ రాగానే ఫోను తీయడం మానేశాను. ముందు చేతులు చూసేవాణ్ణి, తర్వాత ఏం పని చేస్తారో అడిగేవాణ్ణి, ఆ తర్వాత ఫోను చేతికిచ్చి నాలుగడుగులు వేసి ఎండలోకి తీసుకుపోయేవాణ్ణి. రొయ్యల గుంట కాడ పనిచేసే ఆమెకి, కృష్ణపట్నం రేవులో లారీ తోలే ఆయనకి, పొలం పనికి పోయేవాళ్ళకి, ఒకే ఫోను ఎలా సరిపోతుంది? సరిపోతుందని చెప్పి చాలామందికి అంటగట్టినవాణ్ణి నేను. వాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళలేను. ఎదురైన వాళ్ళకి మాత్రం చెప్పుకున్నాను.

ఇంక తాళం నంబరు. దాన్ని ఆ తర్వాత ఎవరికీ నేను పెట్టలేదు. ఫోను వాళ్ళ చేతికిచ్చి, "నాలుగంకెలు, మీకు గుర్తుండేవి," అని చెప్పి, బల్ల వెనక నిలబడి బజారు వైపు తిరిగేవాణ్ణి. కొందరికి తొందరగా అయ్యేది. కొందరు ఆలోచించి, చెరిపి, మళ్ళీ నొక్కి, పక్కవాళ్ళని అడిగి, పావుగంట తీసుకునేవాళ్ళు. వాళ్ళు "అయిందన్నా" అనే దాకా నేను అటే చూస్తూ నిలబడేవాణ్ణి.